ఆజ్ఞకూ జ్ఞానానికీ చుట్టరికం

సందేహం: మాది బెంగళూరులో చిన్న సాఫ్ట్‌వేర్ టీమ్. ప్రాజెక్టు నోట్సు, తీసుకున్న నిర్ణయాలు, సర్వర్ వివరాలు అన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా రాసి, మార్పుల చరిత్రను దాచే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెడతాం. వెతకడం, దిద్దడం అంతా కమాండ్ లైన్ నుంచే, అంటే కమాండ్లు టైపు చేసే. కొత్తగా చేరే తెలుగు పిల్లల కోసం దీనిమీద తెలుగులో ఒక పరిచయం రాస్తున్నాను. కమాండ్‌ను ఆజ్ఞ అనాలా, ఆదేశం అనాలా? నాలెడ్జ్ బేస్‌ను ‘జ్ఞానస్థావరం’ అంటే సరిపోతుందా? మా లాగ్‌లో (మార్పుల చిట్టాలో) కొంత భాగం జతచేస్తున్నాను.

సమాధానం: మీరు విడివిడిగా అడిగారు గానీ, ఆజ్ఞ, జ్ఞానం రెండూ ఒక తల్లి బిడ్డలే. తల్లి ‘జ్ఞా’ ధాతువు. తెలుసుకోవడం దాని అర్థం. తెలుసుకున్నది జ్ఞానమైతే, ఎదుటివాడికి తెలియజేసేది ఆజ్ఞ. ఇవాళ ఆజ్ఞ అనగానే మనకు కర్ర పట్టుకున్న దొర కనిపిస్తాడు. ధాతువులో ఆ కర్ర లేదు. పైనున్నవాడు కిందివాడికి తెలియజేస్తే ఆజ్ఞ, కిందివాడు పైవాడికి తెలియజేస్తే విజ్ఞాపన. ఉన్న తేడా అంతే.

ఈ కుటుంబం తెలుగులోకి వచ్చి ఎంత మారిందో చూడండి. ప్రాకృతాల మీదుగా వచ్చేసరికి ‘జ్ఞ’ కరిగిపోయి ‘న’, ‘న్న’ మిగిలాయి. ఆజ్ఞ ‘ఆన’ అయింది. ప్రతిజ్ఞ ‘ప్రతిన’ అయింది. ‘యజ్’ ధాతువుకు పుట్టిన యజ్ఞం ఈ కుటుంబానిది కాకపోయినా అదీ ఇలాగే ‘జన్నం’ అయింది. విజ్ఞాపన మన నోట ‘విన్నపం’. సంజ్ఞ ‘సన్న’ అయి ‘కనుసన్న’లో ఇప్పటికీ బతికే ఉంది. ‘ఫలానా నాయకుడి కనుసన్నల్లో’ అని రోజూ రాసే విలేకరికి తాను సంజ్ఞనే రాస్తున్నానని తెలియకపోవచ్చు.

వీటన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది ‘ఆనతి’. ఇది ఆజ్ఞప్తి నుంచి వచ్చింది. వేంగీ చాళుక్యుల తామ్రశాసనాల చివర ‘ఆజ్ఞప్తిః కటకరాజః’ అని కనిపిస్తుంది. దానం రాజుదే అయినా, దాన్ని అమలు చేయించే అధికారి పేరు ఆజ్ఞప్తి. అంటే మాటకూ పనికీ నడుమ నిలబడ్డవాడన్నమాట. అదే మాట తెలుగు నోట నలిగి ఆనతి అయ్యాక మరింత మెత్తబడింది. ‘స్వామివారు ఏమని ఆనతిచ్చారు?’ అంటే ‘ఏం చెప్పారు?’ అనే. అందులో అధికారం ఉంది, గద్దింపు లేదు.

మీ తెర మీద జరిగేదీ నాకు ఇలాగే కనిపిస్తుంది. మా అన్నగారి అమ్మాయి తన ల్యాప్‌టాప్‌లో చూపించింది. చేసిన మార్పును చరిత్రలోకి ఎక్కించే ‘గిట్ కమిట్’ అనే కమాండ్ కొట్టబోయి ఒక అక్షరం జారవిడిచింది. అది కసురుకోలేదు. ఇది గిట్ కమాండ్ కాదని చెప్పి, దీనికి దగ్గరగా ఉన్నది ‘కమిట్’ అని కింద చూపింది. చెప్పిన మాటను సరిగ్గా తెలుసుకోవాలని చూసే ఇలాంటి పరిచారకుడికి ఇచ్చేది ఆనతే అనిపించింది.

ఇక ఆదేశం. తప్పు కాదు, ప్రభుత్వ కాగితాల్లో స్థిరపడింది కూడా. కానీ వ్యాకరణం చదివినవాడికి ఆదేశం అంటే ఒకదాన్ని తొలగించి దాని చోట మరొకటి రావడం. గసడదవాదేశం గుర్తు చేసుకోండి. శత్రువులా వచ్చేది ఆదేశం, మిత్రుడిలా వచ్చేది ఆగమం అని పెద్దలు ఊరికే అనలేదు. మీ పనిముట్టులోనేమో పాత పాఠాన్ని చెరపకుండా చరిత్రలో దాచుకోవడమే ప్రధానం. అక్కడ ఈ మాట నాకు రుచించదు.

‘జ్ఞానస్థావరం’ మాత్రం వద్దు. స్థావరం అంటే కదలనిది, జంగమానికి ఎదురు. పత్రికల్లో అయితే ఉగ్రవాదులకే మిగిలింది. రోజుకు పదిసార్లు దిద్దుకునే నోట్సుకు ఆ పేరేమిటండీ? ఇంగ్లీషు మాటను రెండు ముక్కలు చేసి ఒక్కో ముక్కకూ ఒక్కో సంస్కృత పదం అతికించే అలవాటు ఎప్పుడు పోతుందో!

మనకు ‘కవిలె’ అనే చక్కని మాట ఉంది. కరణాలు ఊరి లెక్కలూ వివరాలూ రాసుకున్న తాటాకుల కట్ట అది. కంపెనీ కాలపు సర్వేయరు మెకంజీ దొర మనుషులు ఊరూరా తిరిగి కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, సేకరించినప్పుడు ఈ కవిలెలే వాటికి ఆధారమయ్యాయి. ఊరికి కవిలె ఎలాగో మీ ప్రాజెక్టుకు ఈ నోట్సు అలాగే. అయితే దీనిలో ఒక చిక్కుంది. కరణం తోటి కరణాన్ని కూడా నమ్మకుండా, మర్మమివ్వకుండా బతకాలని సుమతీ శతకమే చెప్పింది. కవిలె ఒకరి చేతిలోని రహస్యం. మీది అందరికీ తెరిచి ఉంచినది. 1984లో కరణాల వ్యవస్థే రద్దయింది కాబట్టి నేటి పిల్లలకు ఆ రహస్యపు వాసన తగలదేమో. వాడి చూడండి, అంతకంటే గట్టిగా చెప్పలేను. కమిట్‌కు ‘దాఖలు’ బాగుంటుంది. ఫైళ్లూ వాటి చరిత్రా ఉండే రిపోజిటరీకి ‘భాండాగారం’ చాలు.

మీరు పంపిన లాగ్ గురించి కూడా చెప్పాలి. వరుసగా తొమ్మిది కమిట్‌లకు ‘అప్‌డేట్’, ‘అప్‌డేట్’, ‘మళ్లీ అప్‌డేట్’ అని రాశారు. ఏం మారిందో, ఎందుకు మారిందో ఒక్కదానిలోనూ లేదు. ఆరు నెలల తర్వాత వచ్చే కొత్త కుర్రాడికి అవి ఏం తెలియజేస్తాయి? జ్ఞా ధాతువుకు ఇంతకంటే అన్యాయం ఉండదు.

అంతకన్నా బాధ కలిగించింది మరొకటి. ఒక వరుసలో ‘విజ్ఞప్తి’, దాని కిందే ‘విగ్నప్తి’. ఇంకోచోట ‘కృతగ్నతలు’. పలకడంలో తెలుగువాళ్లం చాలామందిమి ‘గ్న’ అనే అంటాం, దానికి నేను తగువుకు రాను. రాతలో మాత్రం ఊరుకోలేను. మీకు మరీ నష్టం. యూనికోడ్‌లో ‘జ్ఞ’ అంటే జ, పొల్లు, ఞ అనే మూడు సంకేతాలు. ‘గ్న’ అంటే గ, పొల్లు, న. ఫైళ్లలో మాటలు వెతికే ‘గిట్ గ్రెప్’ కమాండ్‌కు మన ఉచ్చారణ తెలియదు. ‘విజ్ఞప్తి’ అని వెతికితే ‘విగ్నప్తి’ అని రాసిన నోట్సు దొరకదు. రాసినవాడు రాశాననే అనుకుంటాడు, వెతికినవాడు లేదనే అనుకుంటాడు.

కాబట్టి నా మాట ఇది. పిల్లలకు అలవాటైన కమాండ్, కమాండ్ లైన్ అలాగే ఉంచండి. వివరించే వాక్యాల్లో ‘ఆనతి’ వాడండి. ఆజ్ఞ అన్నా తప్పు పట్టను. కమాండ్ లైన్‌లోని లైన్‌కు ‘పంక్తి’ అని మాత్రం అతికించకండి. పరిచయం పూర్తయ్యాక ఫైళ్లన్నిటిలో ‘గ్న’ కోసం ఒకసారి గ్రెప్ చేయండి. అగ్ని, భగ్నం, నిమగ్నం లాంటివి వస్తే వాటి జోలికి వెళ్లకండి. మిగతావి దిద్ది దాఖలు చేయండి. ఏం దిద్దారో మెసేజ్‌లో రాయండి.