పిల్లల కోసం చూస్తున్నారా? మూడో ఇంజెక్షన్ వేయించుకోకండి

ప్రశ్న: నా వయసు 31. తిరుపతిలో ట్యాక్సీ నడుపుతాను. రాత్రిపూట చెన్నై, బెంగళూరు ట్రిప్పులే ఎక్కువ. పెళ్లయి రెండేళ్లయినా పిల్లల్లేరు. ఎప్పుడూ నీరసంగా ఉంటోందని జిమ్ కోచ్ సాయంత్రం పూట టెస్ట్ చేయించాడు. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ 270 వచ్చింది. తక్కువుందని రెండు వారాలకొకటి చొప్పున ఆ హార్మోన్ ఇంజెక్షన్లు రెండు వేశాడు. ఇప్పుడు హుషారుగా ఉంది. కొనసాగిస్తే పిల్లలు పుడతారా?
– ఓ పాఠకుడు, తిరుపతి

జవాబు: దయచేసి మూడోది వేయించుకోకండి. మగ హార్మోన్ ఎక్కిస్తే పిల్లలు పుడతారని చాలామంది నమ్ముతారు. జరిగేది అందుకు పూర్తిగా తలకిందులు. బయటి నుంచి హార్మోన్ అందగానే మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి వృషణాలకు పంపే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌ అనే హార్మోన్లను తగ్గించేస్తుంది. అవి లేనిదే వీర్యకణాలు సరిగా తయారు కావు. కొందరిలో కౌంట్ సున్నాకి పడిపోతుంది. మగవాళ్లకు గర్భనిరోధకంగా పనికొస్తుందేమోనని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ హార్మోన్ ఇంజెక్షన్లనే పరీక్షించి, 1990లో, 1996లో ఫలితాలు వెల్లడించింది. పిల్లలు కావాలనుకుంటూ మీరు వేయించుకుంటున్నది అలాంటి మందు.

టెన్షన్ పడకండి. రెండు డోసులతో ఆపేస్తే సాధారణంగా కౌంట్ తిరిగొస్తుంది. కాకపోతే ఒక వీర్యకణం తయారవడానికే దాదాపు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి నెలల తరబడి ఓపిక పట్టాలి. ఆపాక కొన్ని వారాలు మళ్లీ నీరసం రావచ్చు. అప్పుడు కోచ్ దగ్గరికి వెళ్లకండి. వీర్య పరీక్ష ఇప్పుడొకసారి, మూడు నెలల తర్వాత ఇంకోసారి చేయించండి.

ఇక ఆ 270 సంగతి. ఈ హార్మోన్ ఉదయం ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా ఉంటుంది. నిద్ర చాలకపోయినా, ఒళ్లు పెరిగినా తగ్గుతుంది. రాత్రంతా స్టీరింగ్ పట్టుకునే మనిషికి సాయంత్రం చేసిన ఒక్క టెస్టు చూసి ఇంజెక్షన్ మొదలుపెట్టడం నాకు చాలా బాధగా ఉంది. రాత్రి బాగా నిద్రపోయి, పరగడుపున, ఉదయం పదిలోపు, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చూడాలి. ఇప్పుడే చేయిస్తే ఇంజెక్షన్ ప్రభావంతో రిపోర్టు తప్పుదోవ పట్టిస్తుంది. ఎప్పుడు చేయించాలో డాక్టరే చెబుతారు. నీరసానికి థైరాయిడ్, షుగర్, రక్తహీనత కూడా చూడాలి.

నిజంగా లోపం ఉన్నా, పిల్లలు కావాలనుకునేవారికి టెస్టోస్టిరాన్ ఇవ్వం. వృషణాలనే పనిచేయించే హెచ్‌సీజీ వంటి వేరే మందులున్నాయి. అవసరమై టెస్టోస్టిరాన్ వాడేవారికి కూడా రక్తం చిక్కబడుతోందా అని హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) చూస్తుంటాం. 54 శాతం దాటితే ఆపేస్తాం. మీకు గురక ఉందా? ఈ మందుతో నిద్రలో ఊపిరి ఆగే సమస్య ముదరవచ్చు. రాత్రి డ్రైవింగ్‌లో అది ప్రాణాంతకం.

ఇంకో మాట. ఈ ఇంజెక్షన్లు నూనెలో కలిపి వస్తాయి. కొన్నింట్లో ఉండేది మన శెనక్కాయల నూనే. అది పడనివాళ్లకు ప్రమాదం. మీకు వేసే ముందు ఎవరైనా అడిగారా? ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడని మందు ఇది.

ఆ ఖాళీ యాంపూల్ గానీ డబ్బా గానీ దొరికితే పారేయకండి. దాన్నీ పాత రిపోర్టునూ తీసుకుని స్విమ్స్‌ ఆసుపత్రిలోని ఎండోక్రైనాలజీ (హార్మోన్ల) విభాగానికి వెళ్లండి. మీ భార్యకు కూడా పరీక్షలు అవసరం, ఇద్దరూ కలిసే వెళ్లండి.