గుర్రం ఇప్పుడే కొనకండి సార్, ముందు అమ్మాయిని లాయానికి పంపండి

హనుమకొండ నుంచి ఒక నాన్నగారు రాశారు. వాళ్ళమ్మాయి ఈ ఏడాదే పదో తరగతి పాసైంది. వేసవి సెలవుల్లో హైదరాబాద్‌లో పిన్ని ఇంట్లో ఉండి, ఊరి చివర ఒక స్వారీ స్కూల్లో నెల రోజులు నేర్చుకుని వచ్చిందట, అప్పట్నుంచి ఇంట్లో గుర్రాల మాటే. "ఎంపీసీకి ఫీజు కూడా కట్టాను, తను మాత్రం గుర్రాలతోనే బతుకుతానంటోంది. కనీసం చిన్న పోనీ అయినా కొనివ్వమంటోంది. ఇదేం పిచ్చో అర్థం కావట్లేదు, అసలు దీంట్లో ఉద్యోగాలుంటాయా?" అని అడిగారు.

సార్, పిచ్చి అనకండి. పదహారేళ్ళకి ఒక ప్రాణి మీద ఇంత ఇష్టం కలగడం మంచి విషయమే. ఉద్యోగాలున్నాయి, కానీ తక్కువ, వాటిలో స్థిరమైనవి చాలావరకు ఒకే దారిలో దొరుకుతాయి. ముందు పోనీ సంగతి తేల్చేద్దాం.

పోనీ అంటే గుర్రం పిల్ల అని చాలామంది అనుకుంటారు, కాదు. పూర్తిగా ఎదిగాక కూడా మెడ, వీపు కలిసేచోట ఎత్తు సుమారు 147 సెంటీమీటర్లకి మించని గుర్రాన్ని పోనీ అంటారు. పొట్టిదైనంత మాత్రాన చాకిరీ తగ్గదు. 400 కిలోల గుర్రానికి రోజుకి దాదాపు 8 కిలోల ఎండు మేత కావాలి, ఎండాకాలంలో 40 లీటర్ల దాకా నీళ్ళు తాగుతుంది, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించి లాడాలు మార్పించాలి, టీకాలు, నట్టల మందు, వీటన్నిటికీ తోడు రోజంతా కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. గుర్రం 25, 30 ఏళ్ళు బతుకుతుంది. ఇవాళ ఐదేళ్ళ గుర్రాన్ని కొంటే మీ అమ్మాయికి పెళ్ళై, పిల్లలు బడికి వెళ్ళే వయసొచ్చినా అది ఉంటుంది. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదని ఊరికే అనలేదు పెద్దలు. పైగా మందలో బతికే జంతువు, ఒక్కదాన్నే షెడ్డులో కట్టేస్తే దిగులు పెట్టుకుంటుంది, కొన్నయితే రోజంతా నిలబడి కర్ర కొరుకుతూ ఉంటాయి. అందుకే ఇప్పుడు వద్దంటున్నాను.

ఇక అమ్మాయితో మాట్లాడతాను. అమ్మా, నీకు నచ్చింది స్వారీయా, గుర్రమా? రెండూ ఒకటి కాదు. జీను కట్టి, కళ్ళెం వేసి సిద్ధంగా నిలబెట్టిన గుర్రం ఎక్కి, గంట తిరిగి దిగిపోయి ఉంటావు. మిగతా 23 గంటల గుర్రాన్ని నువ్వింకా చూడలేదు. వచ్చే సెలవుల్లో ఆ స్కూలు వాళ్ళనే అడిగి, పొద్దున్నే ఐదింటికి లాయానికి వెళ్ళు. గుర్రాల్ని చూసుకునే సైస్ రాగానే ఏం చూస్తాడో గమనించు. కింద లద్దె చూస్తాడు. రాత్రి ఎన్నిసార్లు వేసింది, గట్టిగా ఎండిపోయిందా, తొట్టిలో దాణా మిగిలిందా అని. ఎందుకంటే గుర్రం వాంతి చేసుకోలేదు, లోపలికి పోయింది కిందకే రావాలి. పేగు ఎక్కడైనా అడ్డం పడితే వచ్చే కడుపు నొప్పిని లాయంలో అందరూ కోలిక్ అంటారు, ముదిరితే గుర్రాల్ని గంటల్లో చంపేయగల జబ్బు అది.

ఒకసారి ఒక విద్యార్థిని తీసుకుని అలాంటి లాయానికే వెళ్ళాను. ఒక ఎర్ర గుర్రం, నా కంటికి మామూలుగానే నిలబడి ఉంది. సైస్ మాత్రం ఆగిపోయాడు. అది రెండుసార్లు మెడ తిప్పి తన పొట్టవైపు చూసుకుంది, ముందు కాలితో నేలని ఒకసారి గీరింది, అంతే. ఆయన దాణా తొట్టి తీసి బయట పెట్టేసి, డొక్కకి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. "చప్పుడు లేదు సార్" అని డాక్టరమ్మకి ఫోన్ చేశాడు. బాగున్న గుర్రం పొట్టలో ఎప్పుడూ గుడగుడమంటూనే ఉంటుందట, చప్పుడు ఆగిందంటేనే భయపడాలట. ఆవిడ వచ్చి ముక్కులోంచి గొట్టం వేసి మందు ఎక్కించారు. సాయంత్రానికి గుర్రం లద్దె వేసింది, అది చూసి ఆయన మొహం ఎంత వెలిగిపోయిందో నాకిప్పటికీ గుర్తే. అలాంటి మనిషిని అన్నా అని పిలిచి, పక్కనే నిలబడి నేర్చుకో.

గిట్ట ఎత్తడం కూడా నేర్చుకో. గుర్రానికి సరిగ్గా ముక్కు ముందూ, తోక వెనకా ఉన్నది కనపడదు, అందుకే పక్కనుంచి, మాట్లాడుకుంటూ వెళ్ళాలి. భుజం మీద చెయ్యి వేసి అలాగే కాలి వెంట కిందకి జార్చి, గిట్ట పైన మెల్లగా నొక్కితే, నిన్ను నమ్మితే, కాలు నీ చేతికిస్తుంది. స్వారీలో దొరకని సంతోషం అది, ఒకసారి చూస్తే నీకే తెలుస్తుంది. అడుగున ఇరుక్కున్న మట్టీ, రాళ్ళూ కొక్కెంతో వెనకనుంచి ముందుకి తీయాలి. మధ్యలో వి ఆకారంలో మెత్తటి భాగం ఒకటుంటుంది, అది నల్లబడి కుళ్ళు కంపు కొడుతోందంటే చాలాసార్లు కింద తడి ఆరడం లేదని అర్థం. ఆ కంపు తగిలాక కూడా రేపు మళ్ళీ రావాలనిపిస్తే, నీకు నచ్చింది గుర్రమే.

అలా అనిపిస్తే దారి వెటర్నరీ, అంటే పశువైద్యం. సార్, ఫీజు కట్టేశాం కదా అని ఎంపీసీలో ఉంచేయకండి, ఈ వారంలోనే కాలేజీకి వెళ్ళి బైపీసీకి మార్పించండి. పశువైద్య డిగ్రీ బీవీఎస్సీ అండ్ ఏహెచ్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళ కోర్సు. తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్లతో పాటు మీ పక్కనే మామునూరులో కాలేజీ ఉంది. ఆలిండియా కోటా 15 శాతం సీట్లు నీట్ ర్యాంకుతో ఇస్తారు కాబట్టి నీట్ రాయాల్సిందే, రాష్ట్ర సీట్ల నిబంధనలు ఆ ఏడాది యూనివర్సిటీ నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఒక్కటి ముందే చెప్పాలి, చదివేటప్పుడు ఎక్కువగా చూసేది ఆవులు, గేదెలు, గొర్రెలు, కోళ్ళు. గుర్రాల పాఠం తక్కువే, దానికోసం ఇంటర్న్‌షిప్‌లో, ఆ తర్వాత పీజీలో తనే వెతుక్కుంటూ వెళ్ళాలి. ఆర్మీలో రీమౌంట్ వెటర్నరీ కోర్ అని ప్రత్యేక విభాగం ఉంది, మీరట్‌లో శిక్షణ, గుర్రాలూ కంచర గాడిదలూ కుక్కలూ వాళ్ళ బాధ్యతే, ఈమధ్య అమ్మాయిలకూ అందులో అవకాశం ఇస్తున్నారు. పరిశోధన ఇష్టమైతే హిసార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది. ఏదీ కుదరకపోయినా పశువైద్యురాలిగా ప్రభుత్వ ఉద్యోగానికి పోటీ పడొచ్చు, అందుకే ఈ దారంటే నాకు నమ్మకం.

స్వారీనే క్రీడగా తీసుకుంటానంటే లెక్క వేరు. 2018 ఆసియా క్రీడల్లో మన రౌతు ఫవాద్ మీర్జా వెండి తెచ్చాడు, 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన డ్రెస్సేజ్ (గుర్రంతో లయగా అడుగులు వేయించే పోటీ) జట్టు బంగారమే గెలిచింది, గర్వపడాల్సిన విషయం. కానీ ఆ జట్టు పిల్లలు ఇంటికి దూరంగా యూరప్‌లో ఏళ్ళ తరబడి శిక్షణ తీసుకున్నారు, మధ్యతరగతి జీతంతో ఆ ఖర్చు మోయలేం. మలక్‌పేట రేసుల వైపు పందెం గుర్రం నడిపే జాకీ అవుదామన్నా మొదటి షరతు తక్కువ బరువు, పైగా పందేల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరులో 28 నుంచి 40 శాతం అయ్యాక ఆ రంగం మీద మొత్తం బతుకు పెట్టమని ఏ పిల్లకీ నేను చెప్పలేను. స్వారీ కోచ్ పని మాత్రం చదువుతో పాటు మెల్లగా నేర్చుకోవచ్చు.

అమ్మాయిని లాయానికి పంపేముందు ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించి చాలాకాలమైతే మళ్ళీ వేయించండి, లాయం మట్టిలో ఆ క్రిములు ఉంటాయి. హెల్మెట్ తన తలకి సరిపడేది సొంతంగా కొనండి, స్కూల్లో అందరూ వాడేది వద్దు. బూట్లకి చిన్న మడమ ఉండాలి, లేకపోతే జీనుకి వేలాడే రికాబులో పెట్టిన పాదం అందులోంచి జారి అవతలికి పోయి ఇరుక్కుంటుంది, కిందపడితే గుర్రం ఈడ్చుకుపోతుంది.