3 లక్షలు కట్టొద్దు, ముందు వాడిని కాకినాడ తీసుకెళ్ళండి

గాజువాక నుంచి రాసినావిడకి,

మీ బాబుకి 16, ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, హాకీలో ఫార్వర్డ్ ఆడతాడు, జిల్లా టీమ్‌లో బాగా గోల్స్ కొట్టాడు. ఎవరో ఒకాయనొచ్చి 3 లక్షలిస్తే హాకీ ఇండియా లీగ్‌లో ఏదో ఒక టీమ్‌లో జూనియర్ కింద పెట్టిస్తానన్నాడు, మీ ఆయన పీఎఫ్ తీసేస్తానంటున్నారు, మీ మావగారేమో మనవడి చదువు మానిపిస్తే అన్నం ముట్టనని కూర్చున్నారు, మధ్యలో మీకు నిద్ర లేదు. అసలు వాడు ఇల్లొదిలి పెద్ద ఆటకి వెళ్ళడానికి రెడీనా అని మీ ప్రశ్న. ఇదే కదా.

ముందు ఆ 3 లక్షలు. కట్టొద్దు అంతే. లీగ్‌లో ఆక్షన్ ఉంటుంది, 2024లో బేస్ ప్రైస్, అంటే వేలం పాట మొదలయ్యే ధర, 2, 5, 10 లక్షలు పెట్టారు, ఆ డబ్బు టీమ్ వాళ్ళు ప్లేయర్‌కి ఇస్తారు గానీ ప్లేయర్ ఎవరికీ ఎదురివ్వడు. ఒక్కో టీమ్‌లో 24 మంది, అందులో కనీసం నలుగురు జూనియర్లు ఉండాలని అప్పుడు రూల్ పెట్టిన మాట నిజమే, ఆ ముక్క పట్టుకునే ఆయన మీ ఇంట్లో ఆశ పెట్టుంటాడు. కానీ ఆ సీట్లకి పోటీ ఎవరనుకున్నారు, జూనియర్ ఇండియా క్యాంపుల్లో నలిగిన 19, 20 ఏళ్ళ కుర్రాళ్ళు, ఒడిశాలో సుందర్‌గఢ్ వైపు నడక రాగానే కర్ర పట్టేసినవాళ్ళు.

మీ వాడు పనికిరాడని కాదు నేననేది. ఇప్పటిదాకా మట్టి గ్రౌండ్‌లోనే ఎక్కువ ఆడాడని రాశారు కదా. పెద్ద మ్యాచ్‌లు టర్ఫ్ మీద, అంటే కృత్రిమ గడ్డి మీద, దాన్ని తడిపి ఆడతారు, బంతి జారుకుంటూ దూసుకొస్తుంది, మట్టిలో గెంతే బంతికి అలవాటైన చెయ్యి అక్కడ అర సెకను లేటు. కాకినాడలో టర్ఫ్ ఉంది, 2023లో సీనియర్ మహిళల నేషనల్స్ అక్కడే జరిగాయి, సామర్లకోటలో దిగితే ఎంత దూరం. కోచ్ గారిని బతిమాలైనా సరే ఓ నాలుగు వారాంతాలు పెద్దవాళ్ళతో ఆడించండి, మీరూ వెళ్ళి కూర్చోండి. గోల్స్ లెక్కపెట్టకండి. బంతి పోయాక వెనక్కి పరిగెడుతున్నాడా, ఆఖరి క్వార్టర్‌లో కూడా పరిగెడుతున్నాడా, బయటికి పిలిచి కూర్చోబెడితే ఆట చూస్తున్నాడా లేక మొహం మాడ్చుకుని ఫోన్ తీస్తున్నాడా, ఇవి చూడండి. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా రజని టోక్యో ఒలింపిక్స్‌కి రిజర్వ్ గోల్‌కీపర్‌గా వెళ్ళింది, అంత కష్టపడి అంత దూరం వెళ్ళి ఇంకొకరి వెనక రెడీగా ఉండటం. ఈ సంగతి బాబుకి చెప్పి వాడేమంటాడో వినండి.

నాకు అన్నిటికన్నా బెంగ పెట్టింది ఆ మోకాలి సంగతి. మోకాలి కింద నొప్పని మీకు చెప్పకుండా స్ప్రే కొట్టుకుని ఆడాడన్నారు. ఎదిగే వయసులో కండరం ఎముకని లాగి అక్కడ నొప్పి రావడం ఆటలాడే పిల్లల్లో ఉండేదే, అయినా డాక్టర్ చూడాల్సిందే. నొప్పి దాచేవాడు ఇంకా రెడీ కాలేదనే నేనంటాను, ఎందుకంటే రేపు ఆట కోసం ఇల్లొదిలితే హాస్టల్లో మీరుండరు, నోరు తెరిచి వాడే చెప్పుకోవాలి. అందుకే నా అంచనాకి వాణ్ణి పంపడం ఇప్పుడే కాదు, ఇంకో రెండేళ్ళు ఆగాలి.

చదువు మానక్కర్లేదు. మరీ క్యాంపులు ఎక్కువైతే ఇంటర్ ఓపెన్ స్కూల్లో రాసుకోవచ్చు, స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికైనా సర్టిఫికెట్ అడుగుతారు. ఇది మావగారికి మీకన్నా మీ ఆయన చెబితేనే బాగుంటుంది.

మీ ఆయన కూడా కాలేజీలో హాకీ ఆడి ఉద్యోగం కోసం వదిలేశారని చివర్లో ఒక్క లైన్ రాశారు చూశారా, నేను అక్కడే ఆగిపోయాను. ఆయన మీద కోప్పడకుండా ఓ రాత్రి ఆ రోజుల గురించి అడగండి, డబ్బుల మాట ఎత్తొద్దు.

ఇంకోటి, ఇంత పెద్ద ఉత్తరంలో బాబు ఏమంటున్నాడో ఎక్కడా లేదండీ. ప్రాక్టీస్ నుంచి బండి మీద తీసుకొస్తారు కదా, వెనక కూర్చున్నప్పుడు అడగండి, ఎదురుగా కూర్చోబెడితే ఈ వయసు కుర్రాళ్ళు ఊ అనడం తప్ప ఏం చెప్పరు. వాడు ఏం చెప్పినా మళ్ళీ రాయండి, డాక్టర్ దగ్గరికి మాత్రం ఈ వారమే.