ల్యాబ్‌లో క్యాన్సర్ కణాలు చనిపోతే మందు దొరికినట్టేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్, అడినోకార్సినోమా రకమని నెల కిందట బయాప్సీలో తేలింది. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉందని (పాజిటివ్) రోజుకో మాత్ర రాశారు. లక్ష్మణఫలం ఆకుల సారంతో ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలు ‘అపోప్టోసిస్’తో చనిపోయాయని, అనెక్సిన్ పరీక్షలో రుజువైందని వాట్సాప్‌లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. మాత్రతో పాటు ఆ ఆకుల కషాయం ఇవ్వొచ్చా? నాన్నగారి కణాలకూ ఆ పరీక్ష చేయించాలా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కషాయం ఇవ్వకండి. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఆపేసి, ఎన్నాళ్లు, రోజుకు ఎంత తాగారో మీ ఆంకాలజిస్టుకు దాచకుండా చెప్పండి.

కణం ఒక పద్ధతి ప్రకారం తనను తాను ముగించుకోవడమే అపోప్టోసిస్. 1972లో ఈ పేరు పెట్టారు. గ్రీకులో ఆకులు రాలడమని అర్థం. అలా చనిపోయే కణంలో, పొర లోపలివైపు ఉండాల్సిన ఫాస్ఫాటిడైల్‌సెరీన్ అనే కొవ్వు పదార్థం బయటికి తిరుగుతుంది. పచ్చగా మెరిసే రంగు తగిలించిన అనెక్సిన్-వి అనే ప్రొటీన్ దానికి అంటుకుంటుంది. ప్రొపీడియం అయొడైడ్ అనే ఎర్ర రంగు మాత్రం పొర చిరిగిన కణంలోకే వెళ్తుంది. పచ్చ ఒక్కటే కనిపిస్తే అపోప్టోసిస్ తొలిదశ. రెండూ కనిపిస్తే మలిదశ కావచ్చు, కణం మరో విధంగా చనిపోయి ఉండవచ్చు. ఆ తేడా ఈ పరీక్ష చెప్పలేదు. అందుకే అపోప్టోసిస్‌ను నడిపే కాస్పేస్-3 అనే ఎంజైము చురుకైందా, అది కోసే పార్ప్ ప్రొటీన్ ముక్కలైందా అని వేరే పరీక్షలతోనూ సరిచూడాలి.

మామూలుగా లక్ష కణాలను 100 మైక్రోలీటర్ల బఫర్ ద్రావణంలో తీసుకుని, రెండు రంగులూ 5 మైక్రోలీటర్ల చొప్పున కలిపి, 15 నిమిషాలు చీకట్లో ఉంచి, గంటలోపు, కణాలను ఒక్కొక్కటిగా చూసి లెక్కించే ఫ్లో సైటోమీటర్ యంత్రంలో చదువుతారు. చూడ్డానికి తేలికే గానీ తప్పులకు చోటెక్కువ. ల్యాబ్‌లో పెంచే పళ్లేనికి అంటుకున్న కణాలను ఊడదీసే ట్రిప్సిన్ ఎక్కువసేపు ఉంటే బతికున్న కణాల పొరా దెబ్బతిని, చనిపోయినట్టు లెక్కకొస్తాయి. అందులోని ఈడీటీఏ అనే రసాయనాన్ని సరిగా కడగకపోతే అది కాల్షియాన్ని పట్టేస్తుంది. కాల్షియం లేనిదే అనెక్సిన్ అంటుకోదు కాబట్టి చనిపోతున్న కణమూ దొరకదు. పైన తేలే కణాలను పారబోస్తే చచ్చినవాటిలో చాలా అక్కడే పోతాయి. ఆకు సారంతో ఇంకో చిక్కుంది: పత్రహరితం తనంతట తానే ఎర్రగా మెరుస్తుంది. రంగు వేయని కణాలకూ, సారాన్ని కరిగించిన ద్రావకం మాత్రమే పోసిన కణాలకూ ఫలితాలు చూపని పత్రాన్ని నేను నమ్మను.

పరీక్ష తప్పు లేకుండా జరిగిందనుకుందాం. ఇలాంటి పత్రాల్లో ఎక్కువగా వాడేది ఏ549 అనే, ల్యాబ్‌లో పెంచే ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలు. వాటిలో ఉన్నది కేరాస్ అనే వేరే జన్యువులో మార్పు, ఈజీఎఫ్ఆర్ మార్పు కాదు. అంటే మీ నాన్నగారి జబ్బు తీరే వేరు. మోతాదు సంగతీ చూడండి. పళ్లెంలో మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల సారం పోసి 24 గంటలు ఉంచారనుకోండి. మనిషి ఒంట్లోని సుమారు 3 లీటర్ల ప్లాస్మాలో అదే గాఢత రావాలంటే 300 మిల్లీగ్రాములు ఒక్కసారిగా రక్తంలో చేరి, రోజంతా అలాగే నిలవాలి. తాగిన కషాయం పేగును, కాలేయాన్ని దాటుకుని రావాలి కదా! పైగా లక్ష్మణఫలంలోని అనోనాసిన్ నరాల కణాలకు హానికరం. కరీబియన్ దీవి గ్వాడెలోప్‌లో ఈ జాతి పండ్లు, ఆకుల టీ తీసుకునేవారిలో మందులకు లొంగని పార్కిన్సన్స్ తరహా జబ్బు కనిపించిందని 1999లోనే వైద్యులు ప్రకటించారు.

నాన్నగారి కణాలకు అనెక్సిన్ పరీక్ష కుదరదు. దానికి బతికున్న కణాలు కావాలి, బయాప్సీ ముక్క ఫార్మలిన్‌లో పడగానే కణాలన్నీ చనిపోతాయి. చికిత్సను నిర్ణయించేది కూడా ఆ పరీక్ష కాదు. రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ మార్పు ఏ రకమో, అంటే ఎగ్జాన్ 19 డిలీషనా, ఎల్858ఆర్ మార్పా అన్నది రాసి ఉందో లేదో చూడండి. బయాప్సీ ముక్కను మైనంలో బిగించిన పారఫిన్ బ్లాక్‌ను ల్యాబ్ నుంచి తీసుకుని భద్రపరచండి, ముందుముందు అవసరపడుతుంది. పీడీ-ఎల్1 అనే మాట కనిపిస్తే కంగారు పడొద్దు. పేరులోని ‘డీ’ అంటే ‘డెత్’ అయినా అది కణం చావును కొలిచే పరీక్ష కాదు, రోగనిరోధక కణాలను ఆపే ప్రొటీన్ ఎంతుందో చెబుతుంది. ఈజీఎఫ్ఆర్ పాజిటివ్ అయినప్పుడు ఆ శాతం ఎక్కువున్నా సాధారణంగా మాత్రతోనే మొదలుపెడతారు.

మాత్రను రోజూ ఒకే వేళకు వేయండి. దద్దుర్లు, విరేచనాలు మొదలైతే డాక్టరుకు ఫోన్ చేయండి. కొత్తగా పొడి దగ్గు, ఆయాసం వస్తే మాత్రం మర్నాటిదాకా ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.