ఉత్తరం సందులో ఏడాదంతా పచ్చగా ఉండే పొద కావాలంటే షెఫ్లెరా పెట్టండి

వరంగల్‌లో మీ ఇంటి ఉత్తరం వైపు ఆరడుగుల సందు, అవతల పక్కింటివాళ్ల రెండంతస్తుల గోడ. అక్కడ నూరువరహాలు పెడితే పూలు రాలేదు, పైగా ఆకులు పాలిపోతున్నాయి. ఆ గోడ కనపడకుండా ఏడాదంతా పచ్చగా ఉండే పొద ఏదైనా ఉందా, మామిడి చెట్టు కింద కూడా అదే పెట్టొచ్చా, పాములు చేరతాయేమో, ఇంట్లో కుక్క ఉంది కదా అని అడిగారు. హైదరాబాద్‌లో మాకూ అలాంటి సందే ఉంది. అందులో కొన్నేళ్లుగా షెఫ్లెరా వరసగా పెంచుతున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

షెఫ్లెరా అంటే ఒక కాడ చివర ఏడెనిమిది ఆకులు గొడుగు ఊచల్లా విచ్చుకుని ఉండే మొక్క. నర్సరీలో అంబ్రెల్లా ప్లాంట్ అన్నా ఇస్తారు. పుట్టిల్లు తైవాన్, హైనాన్ దీవుల వైపు. అక్కడ పెద్ద చెట్ల నీడలో పెరిగేదే కాబట్టి నీడ దానికి కొత్త కాదు. ఇదే పేరుతో పెద్ద ఆకుల రకం ఒకటి ఉంది. అది చెట్టు అవుతుంది, సందుకు పనికిరాదు. ఆకు మీ అరచేతికంటే బాగా పొడుగ్గా ఉంటే వద్దనండి. అలాగే పసుపు మచ్చల రకం చూడగానే నచ్చుతుంది కానీ వెలుతురు తక్కువైతే ఆ పసుపు తగ్గిపోతుంది, ఎదుగుదల కూడా నెమ్మది. మీ సందుకు మామూలు ఆకుపచ్చదే సరి.

మొక్క కొనేముందు నీడ సంగతి కాస్త చూసుకోవాలి. ఉత్తరం వైపు ఎప్పుడూ నీడే అనుకుంటాం. మన దగ్గర అది పూర్తిగా నిజం కాదు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో. నీడ లేని రోజు అని పేపర్లలో రాసేది వీటి గురించే. ఈ రెండింటి మధ్య మిట్ట మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. వరంగల్‌లోనూ ఇంతే, ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. అంటే డిసెంబరులో ఒక్క కిరణం పడని సందులో మే నెల మధ్యాహ్నం గంట, గంటన్నర నిటారుగా ఎండ దిగుతుంది, అదీ నలభై డిగ్రీలు దాటే రోజుల్లో. అప్పటిదాకా నీడలో లేతగా పెరిగిన ఆకు ఆ గంటలోనే మాడుతుంది. చలికాలంలో చూసి అగ్లోనిమాలు, ఫెర్న్‌లు పెట్టినవాళ్ల మొక్కలు మేలో పోవడానికి కారణం చాలావరకు ఇదే. షెఫ్లెరా ఆకు దళసరి, మైనం పూసినట్టు నున్నగా ఉంటుంది. ఆ కొద్ది వారాలూ తట్టుకుంటుంది. నేను దీన్నే ఎంచుకోవడానికి అసలు కారణం ఈ మే ఎండే. మొదటి ఏడాది మాత్రం మేలో పైన గ్రీన్ నెట్ ఒక వరస కట్టండి, రెండో ఏడాదినుంచి అక్కర్లేదు.

మీ నూరువరహాల సంగతి. దానికి రోజుకు కనీసం నాలుగైదు గంటలు ఎండ తగిలితేనే పూలు గుత్తులుగా వస్తాయి. ఆకులు పాలిపోవడం మాత్రం ఎండ చాలక కాకపోవచ్చు. ఒక కొత్త ఆకు తెంపి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. ఈనెలు పచ్చగా, మధ్యలో పసుపుగా ఉంటే ఇనుము అందడం లేదని అర్థం. ఇల్లు కట్టినప్పుడు గోడ పక్కన పడ్డ సిమెంటు, సున్నం, కంకర అంతా ఆ మట్టిలోనే ఉంటాయి, పైనుంచి బోరు నీళ్లు. మట్టి క్షారమైపోయి ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. నూరువరహాలకు పుల్ల మట్టి ఇష్టం కాబట్టి దానికి ముందు తెలుస్తుంది. దాన్ని తీసి ఎండ ఉన్న చోట కుండీలో పెట్టుకోండి, చక్కగా పూస్తుంది.

మధుకామిని పెట్టమని కొందరు చెప్పొచ్చు. మంచి మొక్కే, రాత్రి వాసన చాలా బాగుంటుంది, సందు మొదట్లో కాస్త ఎండ పడే చోట పెరుగుతుంది. కానీ ఇంట్లో నిమ్మ చెట్టు గానీ బత్తాయి గానీ ఉంటే నేను మాత్రం వద్దంటాను. నిమ్మ జాతికి గ్రీనింగ్ తెగులు అంటించే సిల్లా అనే చిన్న పురుగు మధుకామిని చిగుళ్ల మీదే హాయిగా పెరుగుతుంది. కరివేపాకు మీదికీ అదే వస్తుంది, అన్నీ ఒకే కుటుంబం.

ఇక నాటడం. వానలు పడి నేల తడిశాక, జూలై చివర నుంచి ఆగస్టు చివరిలోపు నాటండి. అప్పటికి మబ్బులు ఉంటాయి, నిటారు ఎండ కూడా వెనక్కి తగ్గుతుంటుంది, వేరు పట్టడానికి చలికాలం దాకా సమయం దొరుకుతుంది. గుంత అడుగున్నర లోతు, అంతే వెడల్పు. తవ్వినప్పుడు వచ్చిన సిమెంటు పెళ్లలు, కంకర అన్నీ ఏరి బయట పారేయండి. బద్ధకించి అదే మట్టి తిరిగి నింపితే మొక్క ఏళ్ల తరబడి కదలదు. సగం ఎర్రమట్టి, మిగతా సగం బాగా చివికిన పశువుల ఎరువు, కొంచెం ఇసుక, గుప్పెడు వేపపిండి చాలు. మొక్కకూ మొక్కకూ రెండున్నర అడుగుల ఎడం, మీ గోడకు కనీసం రెండడుగుల దూరం. సంపు, సెప్టిక్ ట్యాంకు, డ్రైనేజీ పైపు ఉన్న వైపు నేలలో వద్దు, వేర్లు గట్టివి. అక్కడ పెద్ద కుండీలో పెట్టండి.

ఒక చిన్న విషయం. నర్సరీ కవర్లో వచ్చే మట్టి జిగట ఎర్రమట్టి. గోదావరి పక్కన కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలు చాలావరకు అలాగే ఉంటాయి, దూర ప్రయాణంలో వేరు కదలకుండా ఉండటానికి అది మంచిదే. కానీ నేలలో పెట్టాక ఆ ముద్ద ఎండి గట్టిపడితే మీరు పోసిన నీళ్లు చుట్టూ జారిపోతాయి, లోపలి వేరు పొడిగానే ఉంటుంది. పైన అంతా తడిగా కనపడుతూ మొక్క వాడిపోతుంది. కవర్ కోశాక ఆ ముద్దను బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, చుట్టూ పైపొర వేళ్లతో మెల్లగా విదిల్చి పెడితే సరిపోతుంది.

నీడలో పొదలు పోయేది ఎక్కువగా నీళ్లు ఎక్కువై. ఎండలో ఉన్న గులాబీలకు పోసినట్టే ఇక్కడా రోజూ పోస్తారు. సందులో గాలి ఆడదు, ఎండ లేదు, తడి ఎక్కడికి పోతుంది? పాదులో వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూడండి, చల్లగా తగిలితే ఆ రోజు వద్దు. నవంబరు నుంచి జనవరి దాకా వారానికి ఒకసారి కూడా చాలాసార్లు అవసరం పడదు. కింది ఆకులు మెత్తబడి పసుపై రాలుతుంటే నీళ్లు ఎక్కువైనట్టు, మొదలు దగ్గర కాండం నల్లబడితే వేరు కుళ్లు మొదలైనట్టు. ఆకు అంచు ఎండి గలగలమంటే నీళ్లు చాలనట్టు. తోటంతటికీ ఒకే డ్రిప్ లైన్ ఉంటే సందుకు విడిగా వాల్వ్ పెట్టించండి. ఖర్చు పెద్దగా ఉండదు, మొక్కలు మాత్రం బతుకుతాయి.

ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ఆ సందులోనే ఉందా? చాలా ఇళ్లలో అక్కడే పెడతారు. దాని ముందు మూడడుగులు ఖాళీగా వదిలేయండి, ఆ వేడి గాలికి ఏ ఆకూ ఆగదు. ఏసీ నుంచి కారే నీళ్లు మాత్రం బకెట్లో పట్టి పాదులకు పోయండి. ఉప్పులు ఉండవు కాబట్టి బోరు నీళ్లకంటే మేలు.

పాముల గురించి మా అత్తగారికీ ఇదే భయం ఉండేది. మొదటినుంచీ కింద ఒక అడుగు దాకా ఆకులు, పక్క కొమ్మలు తీసేస్తూ వస్తే మొదళ్లు, నేల స్పష్టంగా కనపడతాయి. రాలిన ఆకు వారానికోసారి ఊడ్చేయాలి, అక్కడ ఇటుకలు, పాత కుండీలు, చెక్క ముక్కలు పోగుపెట్టకూడదు. పాము చేరేది ఎలకల కోసం, దాక్కునే సందుల కోసం. ఆ రెండూ లేకుండా చూస్తే భయం చాలావరకు తగ్గుతుంది. దోమలకు కూడా ఇదే మందు, కుండీ ప్లేట్లలో నీళ్లు నిలవనీయకపోతే చాలు. కిటికీలకు ఎదురుగా ఉన్న మొక్కల్ని మాత్రం కిటికీ కింది అంచు దాటకుండా కత్తిరించుకుంటే ఉత్తరం వెలుతురు మూసేశారన్న మాట పెద్దవాళ్ల నుంచి రాదు.

కత్తిరింపు అంటే భయపడకండి. నీడలో ఏ పొదైనా వెలుతురు కోసం సన్నగా పైకి సాగుతుంది, అలా వదిలేస్తే పైన నాలుగు ఆకులు, కింద బోసి కాడలు మిగులుతాయి. మొక్క రెండడుగులు ఉన్నప్పుడే చివర తుంచేయండి. ఆ తర్వాత ఏటా జూన్, జూలైలో ఒకసారి గట్టిగా, అక్టోబరులో పైపైన కత్తిరించాలి. ఆకు పుట్టే కణుపుకు సరిగ్గా పైన కోస్తే కొద్ది వారాల్లో పక్కనుంచి చిగుళ్లు వస్తాయి. కోసిన ముదురు కొమ్మల్ని జానెడు ముక్కలుగా చేసి, పైన రెండు ఆకులు ఉంచి ఇసుక, కోకోపీట్ అనే కొబ్బరి పొట్టు కలిపిన కవర్లో గుచ్చితే వానాకాలంలో బాగానే వేరు పోస్తాయి. అందుకే మొదట నాలుగైదు మొక్కలు కొంటే చాలు, మిగతా వరసంతా వాటినుంచే చేసుకోవచ్చు.

పురుగుల్లో ఎక్కువగా వచ్చేది పిండినల్లి, తర్వాత పొలుసు పురుగు. గాలి ఆడని సందు కదా, వస్తాయి. ముందుగా చీమలు చెబుతాయి. కాండం వెంట చీమల బారు పైకి పోతుంటే ఆకుకాడ కాండాన్ని కలిసే చోట చూడండి, తెల్లటి దూది ముక్క అంటుకుని ఉంటుంది. కొంచెమే ఉంటే పాత టూత్‌బ్రష్ సబ్బు నీళ్లలో ముంచి రుద్దేయడమే. ఎక్కువైతే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టాలి, వారం తర్వాత మళ్లీ. ఆకు మీద నల్లటి మసి పట్టిందంటే అది పురుగు విసర్జించే తీపి జిగురు మీద పెరిగిన బూజు. పురుగు పోతే అదీ ఆగుతుంది, తడి గుడ్డతో తుడిచేయొచ్చు.

మామిడి చెట్టు కింద నీడ వేరు. అక్కడ నేలంతా చెట్టు వేర్లే, పడ్డ నీళ్లు అవే ముందు తాగేస్తాయి. సందులో తడి ఎక్కువై పోయే మొక్క ఇక్కడ ఎండిపోతుంది. గుంత తవ్వుతూ మామిడి వేర్లు నరికితే చెట్టుకూ మంచిది కాదు. షెఫ్లెరానే కావాలంటే పెద్ద కుండీల్లో పెట్టి, కుండీని ఇటుకల మీద ఎత్తి ఉంచండి. లేకపోతే కింది రంధ్రంలోంచి మామిడి వేరు లోపలికి వచ్చేస్తుంది.

కుక్క విషయంలో జాగ్రత్త అవసరమే. షెఫ్లెరా ఆకులో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలు ఉంటాయి. నమిలితే నోరు మండి చొంగ కారుస్తుంది, వాంతి కావచ్చు. ప్రాణాపాయం సాధారణంగా ఉండదు గానీ అలా జరిగితే నోరు నీళ్లతో కడిగి పశువైద్యుడికి చూపించండి. ఎదిగిన కుక్కలు మామూలుగా దాని జోలికి పోవు, అన్నీ కొరికే వయసు కుక్కపిల్ల అయితే మొదటి ఏడాది సందుకు అడ్డంగా జాలీ పెట్టండి. కత్తిరించిన కొమ్మలు నేల మీద వదలొద్దు. వాటి రసం కొందరికి చర్మం మీద దురద పుట్టిస్తుంది, మీరు కూడా గ్లౌజులు వేసుకునే కోయండి.