21 ఏళ్లు ఎదురుచూశాను, ఇప్పుడు కొనాలా వద్దా?

ప్రశ్న: సార్, నేను సియాటిల్ పక్కన బెల్‌వ్యూలో ఉంటాను. ఇంజినీరింగ్ రోజుల్లో ‘వాంపైర్: ది మాస్కరేడ్ – బ్లడ్‌లైన్స్’ అనే వీడియో గేమ్ పిచ్చిగా ఆడాను. రెండో భాగం కథ సియాటిల్‌లోనే అని తెలిసి ఎగిరి గంతేశాను. తీరా వచ్చాక అందరూ పెదవి విరుస్తున్నారు. ఇంత ఆలస్యం ఎందుకయింది? కొనమంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: మీ బాధ నాకు తెలుసు, నేనూ ఆ బాపతే. పాతది మా ఇంట్లో 512 ఎంబీ ర్యామ్ మీద ఆడేవాణ్ణి. ఆటలో శాంటా మోనికా నుంచి డౌన్‌టౌన్‌కి వెళ్లాలంటే లోడయ్యేలోపు టీ పెట్టుకుని రావచ్చు. అయినా వదల్లేదు. మాల్కేవియన్‌గా, అంటే పిచ్చి పట్టిన వాంపైర్ల క్లాన్ (వంశం) వాడిగా ఆడుతూ రోడ్డు పక్కన స్టాప్ బోర్డుతో గొడవపడ్డ రాత్రి నేనొక్కణ్ణే పడీపడీ నవ్వుకున్నాను. అందులోని దెయ్యాల కొంప ఓషన్ హౌస్ హోటల్‌కి వెళ్లినప్పుడు మాత్రం గదిలో లైటు వేసుకున్నాను. అక్కడ కొట్టడానికి ఒక్క శత్రువూ ఉండడు. బల్బులు పేలతాయి, వంటగదిలో గిన్నెలు మీదికొస్తాయి, అంతే. రక్తం తాగేది మనమే, భయపడేదీ మనమే!

ఇక ఆలస్యం సంగతి. మొదటి భాగాన్ని తయారుచేసిన ట్రోయికా స్టూడియో వాళ్లు దాన్ని 2004 నవంబరులో, సరిగ్గా ‘హాఫ్ లైఫ్ 2’ అనే పెద్ద గేమ్ వచ్చిన రోజే విడుదల చేశారు. కొన్ని నెలలకే, 2005లో, స్టూడియో మూతపడింది. రెండో భాగాన్ని పారడాక్స్ అనే గేమ్ ప్రచురణ సంస్థ 2019లో ప్రకటించి, మీ సియాటిల్‌లోని హార్డ్‌సూట్ ల్యాబ్స్ స్టూడియోకి అప్పగించింది. పాత కథారచయిత బ్రయన్ మిత్సోడా కూడా అందులో ఉన్నాడు. 2020లో ఆయన్ని తీసేశారు, 2021లో స్టూడియోనే తప్పించారు. తర్వాత పని ఇంగ్లండ్‌లోని ది చైనీస్ రూమ్ స్టూడియోకి వెళ్లింది. సగం కట్టిన ఇంటికి మేస్త్రి మారితే ఏమవుతుందో మీకు చెప్పాలా? కొత్త మేస్త్రి తన ఇల్లే కట్టాడు. 2025 అక్టోబరు 21న గృహప్రవేశం. దానికి ముందు టోరియడోర్, లసాంబ్రా క్లాన్లకు విడిగా డబ్బులడిగి, తిట్లు తిని, చివరికి అసలు ఆటలోనే కలిపారు. నాకైతే అప్పుడే మనసు విరిగింది.

ఈ రెండో భాగంలో మీరు ఫైర్ అనే ముసలి వాంపైర్. వందేళ్ల నిద్ర లేచేసరికి తలలో ఫేబియన్ అనే డిటెక్టివ్ గొంతు. మంచు కురిసే సియాటిల్ మీద మేడల నుంచి మేడలకు దూకడం బాగుంది. ఎవణ్ణో రెచ్చగొట్టి సందులోకి లాక్కుపోయి కొరకడమూ బాగుంది. ఫేబియన్ కేసు విప్పే భాగాలు ఇంకా బాగున్నాయి. కానీ పాతదానిలా మన పాత్రను మనమే అచ్చంగా మలుచుకుందామంటే కుదరదు. మీరెవరో వాళ్లే తేల్చేశారు.

డిస్కౌంట్ పడ్డాక కొనండి, మర్డర్ కథలా ఆడండి. ఈలోపు పాతదాన్ని మళ్లీ బయటికి తీయండి. జర్మనీలో వెర్నర్ స్పాల్ అనే కెమిస్ట్ ఏళ్ల తరబడి ఉచితంగా ప్యాచ్‌లు (లోపాలు సరిచేసే ఫైళ్లు) వేస్తూ దాన్ని బతికించాడు. ఆ ప్యాచ్ వేసుకునే ఆడండి. క్లాన్ మాత్రం ఈసారీ మాల్కేవియనే. ఆ స్టాప్ బోర్డును నేను అడిగానని చెప్పండి.