మీ అబ్బాయి సిగరెట్ గురించి

నమస్కారమండీ. ఇంటర్ చదువుతున్న మీ అబ్బాయి జేబులో అగ్గిపెట్టె దొరికిందని, అడిగితే స్నేహితుల కోసమన్నాడని రాశారు. కొట్టకండి, స్నేహితులను వదిలేయమనీ అనకండి. ఆ వయసులో సిగరెట్ ముట్టించేది రుచి కోసం కాదు, గుంపులో చోటు కోసం. మా పెద్దవాడూ అంతే. కాలేజీ ఎదుటి టీ బంకు గుంజకు దారంతో లైటర్ వేలాడుతూ ఉండేది. ఒక్క సిగరెట్ కొని నలుగురు పంచుకునేవారు. వద్దంటే పిరికివాడంటారని వాడి భయం. "నాకు పడదురా, దగ్గొస్తుంది" అనే జవాబు ఇద్దరం కలిసి ఆలోచించాం. అది పనిచేసింది. టీ తాగి వచ్చేసేవాడు.

మీ తమ్ముడు డాబా మీద తాగుతారని కూడా రాశారు. అసలు చిక్కు అక్కడే ఉందనిపిస్తోంది. మేనమామ చేసేది పిల్లవాడు చూడడా? ముందు ఆయనతో మాట్లాడండి.

2003 నాటి చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారికి సిగరెట్లు అమ్మకూడదు, విద్యాసంస్థకు 100 గజాల లోపల ఎవరికీ అమ్మకూడదు. బంకు అంత దగ్గరుంటే నలుగురు తల్లిదండ్రులు కలిసి ప్రిన్సిపాల్‌కు రాసివ్వండి. అలవాటు ముదిరిందనిపిస్తే, పొగాకు మానాలనుకునేవారి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు 1800-11-2356కు వాడిచేతే ఫోను చేయించండి.